దాత గుండెను కాపాడే పనికి ఏం చదవాలి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. గ్రీన్ ఛానల్ ఏర్పాటు చేసి అంబులెన్సులో గుండెను తరలించిన వార్త చూసినప్పటి నుంచి, ఆ గుండె చెడిపోకుండా చూసే పనే చేస్తానంటోంది. నీట్‌లో సీటు రాకపోతే అటు వెళ్లే దారి ఉందా? బంధువులు నర్సింగ్‌లో చేర్చమంటున్నారు.

జవాబు: దారి ఉందండీ. కాకపోతే మీ అమ్మాయి చెబుతున్నది ఒక్కరు చేసే పని కాదు కాబట్టి, అందులో ఏ భాగం తనను ఆకర్షించిందో ముందు తేల్చుకోవాలి. దాత నుంచి గుండెను తీసేదీ, రోగికి అమర్చేదీ గుండె శస్త్రచికిత్స నిపుణులు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రం చేత చేయించేది పెర్‌ఫ్యూజనిస్టు. మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మాయి మనసు ఈ రెండో పని మీదే ఉన్నట్టుంది.

గుండెను బయటికి తీసే ముందు పొటాషియం ఎక్కువగా ఉన్న చల్లని ద్రావణాన్ని దాని రక్తనాళాల్లోకి పంపి కొట్టుకోవడం ఆపుతారు, ఎందుకంటే ఆగిన గుండెకు ఆక్సిజన్ అవసరం బాగా తగ్గిపోతుంది. తర్వాత ద్రావణంతో పాటు క్రిమిరహితమైన సంచుల్లో, ఒకదానిలో ఒకటిగా ఉంచి, ఐస్ పెట్టెలో పెడతారు. ఐస్ నేరుగా తగిలితే కండరం దెబ్బతింటుంది గనుక అన్ని పొరలు. ఇంత చేసినా చేతిలో ఉండేది సుమారు 4 గంటలే. మూత్రపిండమైతే ఒక రోజు దాకా ఆగగలదు. శ్రీకాకుళం నుంచి విశాఖకు రోడ్డు మీదే రెండు గంటలు పోతాయని గుర్తుంచుకుంటే, ఆ అంబులెన్సుకు అంత హడావుడి ఎందుకో అర్థమవుతుంది.

ఈ గడువును పొడిగించడానికే కొత్త యంత్రాలు వచ్చాయి. ఒక పద్ధతిలో దాత రక్తాన్నే వేడి చేసి, ఆక్సిజన్ కలిపి గుండెకు అందిస్తారు. పెట్టెలోనే గుండె మళ్లీ కొట్టుకుంటుంది. మధ్యమధ్యలో రక్తపు నమూనా తీసి, కండరానికి ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే లాక్టేట్ అనే పదార్థం ఎంత ఉందో చూస్తారు. అది తగ్గకుండా పెరుగుతూ పోతుంటే, పైకి ఎంత చక్కగా కొట్టుకుంటున్నా ఆ గుండెను అమర్చడానికి వెనకాడతారు. రక్తప్రసరణ ఆగి మరణించిన దాతల గుండెలను ఇలాంటి యంత్రంపై బతికించి, 2014లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ వైద్యులు రోగులకు అమర్చారు. మన దేశంలో మాత్రం గుండెదానం ప్రధానంగా బ్రెయిన్ డెత్ అయినవారి నుంచే, అంటే మెదడు శాశ్వతంగా పనిచేయడం మానేసినా గుండె ఇంకా కొట్టుకుంటున్నవారి నుంచే జరుగుతోంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి దాన్ని ధ్రువీకరించాలి.

ఇక చదువు సంగతి. నీట్ దారిలో సర్జన్ కావాలంటే ఎంబీబీఎస్, ఎంఎస్, ఆపైన గుండె శస్త్రచికిత్సలో ఎంసీహెచ్ కలిపి పదకొండేళ్లు దాటుతుంది. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే తొలిసారి విజయవంతంగా గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమహేంద్రవరం వారే. పెర్‌ఫ్యూజన్ టెక్నాలజీ బీఎస్సీకి ఇంటర్న్‌షిప్‌తో కలిపి సుమారు నాలుగేళ్లు చాలు. నర్సింగ్ కూడా తీసిపారేయవలసినది కాదు. ఆ చదువుతో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా దాత కుటుంబంతో మాట్లాడటం, ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌తో సమన్వయం చేయడం వంటి బాధ్యతలు చేపట్టవచ్చు. అయితే యంత్రం మీద ఇష్టం ఉన్న పిల్లకు అది సరిపడకపోవచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. గుండెను బతికించే ఆ ఖరీదైన యంత్రాలను నమ్ముకుని ఈ కోర్సులో చేరవద్దు. రోజువారీ జీతం వచ్చేది మామూలు బైపాస్, వాల్వు ఆపరేషన్లలో హార్ట్-లంగ్ మెషీన్ నడపడం వల్లనే. గంటల తరబడి నిలబడి, సర్జన్ చెప్పిన మాటను వెంటనే అమలు చేస్తూ, రక్తపోటు, ఉష్ణోగ్రత, రక్తం గడ్డకట్టే తీరు మీదినుంచి చూపు తిప్పకుండా ఉండగలదా అని అమ్మాయినే అడగండి.

రంగురంగుల కరపత్రం చూసి ఫీజు కట్టేయకండి. ఓపెన్ హార్ట్ ఆపరేషన్లు జరగని చోట ఈ కోర్సు చదవడం దండగ. కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆస్పత్రిలో వారానికి ఎన్ని అలాంటి ఆపరేషన్లు జరుగుతాయో, విద్యార్థులను థియేటర్‌లోకి ఏ సంవత్సరం నుంచి పంపుతారో, కోర్సుకు ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. వీలైతే అక్కడ చివరి సంవత్సరం చదువుతున్న ఒకరిద్దరితో, అధ్యాపకులు పక్కన లేనప్పుడు, అమ్మాయి చేతనే మాట్లాడించండి. నీట్ మాత్రం ఈ ఏడాది తప్పకుండా రాయనివ్వండి.