పోలికలు చెప్పుకునే తల్లుల గురించి, ఒక కొత్త రచయిత్రికి

అమ్మాయీ,

నీ కథ మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర కోపం వచ్చి కాగితాలు పక్కన పెట్టేశాను. ఆటిజం ఉన్న పిల్లల థెరపీ సెంటర్ వరండాలో, పిల్లల కోసం ఎదురుచూస్తున్న తల్లుల గురించి, "ఏమీ తెలియని ఆ తల్లులు ఒకరి బిడ్డ తలను ఇంకొకరి బిడ్డ తలతో పోల్చుకుంటూ పొద్దుపుచ్చుతున్నారు" అని రాశావు. కొన్నాళ్ల తరువాత గాని మిగతా పేజీలు చదవలేకపోయాను. చదవడం మంచిదే అయింది. ఎందుకో తరువాత చెబుతాను, ముందు ఈ వాక్యం సంగతి తేలాలి.

వాళ్లకు ఏమీ తెలియదని నీకెవరు చెప్పారు? మీవాడూ మునివేళ్ల మీద నడుస్తాడా? మీ పాపకూ వచ్చిన మాటలు ఏడాదిన్నరకు పోయాయా? పుట్టగానే ఏడ్చిందా, కామెర్లు వచ్చాయా, ఇంక్యుబేటర్‌లో పెట్టారా? సిజేరియనా? అప్పటికి మీ ఆయన వయసెంత, ఆయనేం ఉద్యోగం చేస్తారు? మీ ఇళ్లల్లో ఇలా ఎవరితోనూ కలవని మనుషులు ఇంకెవరైనా ఉన్నారా? ఈ ప్రశ్నలన్నీ నీ కథలోనే ఉన్నాయి. కూర్చుని విన్నావని తెలుస్తోంది, నీ చెవి మంచిది. ఇవే ప్రశ్నలు గదిలోపల డాక్టరు అడిగి కాగితం మీద రాసుకుంటే దాన్ని వైద్యం అంటాం. వరండాలో ఒక తల్లి అడిగితే పొద్దుపుచ్చడం ఎలా అయింది?

1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఇవాళ మనం ఆటిజం అంటున్నదానికి వైద్యంలో ఒక రూపు వచ్చింది అక్కడే. ఆయన చేసిన పనేమిటో తెలుసా? పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూశాడు. ఐదుగురి తలలు కాస్త పెద్దవని రాసుకున్నాడు. ముఖాల్లో తెలివి కనబడుతోందని రాసుకున్నాడు. తండ్రులేం చదివారు, తల్లులేం చదివారు, తాతలూ మేనమామలూ ఎలాంటివాళ్లు, అదంతా రాశాడు. వరండాలో ఆ తల్లులు చేస్తున్నది కూడా ఇదే. వాళ్లకున్నది ఒక్కో బిడ్డే కాబట్టి పక్క కుర్చీలో ఉన్న బిడ్డను కూడా కలుపుకుని చూస్తున్నారు.

అదే వ్యాసం చివర కానర్ ఇంకో మాట కూడా అన్నాడు. ఈ తల్లిదండ్రుల్లో నిజంగా ఆప్యాయత ఉన్నవాళ్లు చాలా తక్కువ అని. ఇది పిల్లలకు పుట్టుకతో వచ్చిందని కూడా ఆయన అక్కడే రాశాడు గాని, లోకం పట్టుకున్నది మొదటి మాటనే. తల్లి మనసు గడ్డకట్టి ఉండబట్టే బిడ్డ ఇలా అయ్యాడని పెద్ద చదువుల వాళ్లు ఏళ్ల తరబడి చెప్పారు, రాశారు. ఫ్రిజ్ లాంటి తల్లి అన్నారు.

ఆ నింద ఎలా పోయిందో నీకు తెలియాలి, ఎందుకంటే నువ్వు ఎగతాళి చేసిన పనే దాన్ని పోగొట్టింది. బెర్నార్డ్ రిమ్లండ్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి. తల్లి పెంపకం దీనికి కారణం కాదని 1964లో ఆధారాలు పోగుచేసి వాదించాడు. పిల్లల లక్షణాలు అడిగే ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేస్తే, తల్లిదండ్రులు అది నింపి ఆయనకు పంపేవారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనే ఇద్దరు మానసిక వైద్యులు 21 జతల కవల పిల్లల్ని చూశారు. అచ్చం ఒకేలా ఉండే 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరువేరుగా ఉండే 10 జతల్లో ఒక్కదానిలో కూడా ఇద్దరికీ లేదు. పెంచింది అదే తల్లి, అదే ఇల్లు; తేడా పుట్టుకలోనే ఉందన్నమాట. పెద్ద చదువులున్న ఇళ్లలోనే ఇలాంటి పిల్లలు పుడతారన్న మాటను 1980లో లోర్నా వింగ్ సరిదిద్దింది. చదువూ స్తోమతూ ఉన్నవాళ్లే పేరున్న ఆస్పత్రుల దాకా రాగలిగారు, అందుకే లెక్కలో వాళ్లే కనిపించారని తేల్చింది. ఆమె మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న కూతురికి తల్లి కూడా. ఇప్పుడు చెప్పు, ఏమీ తెలియని తల్లులెవరు?

నాకింత పట్టుదల ఎందుకంటే, మా తమ్ముడి కొడుకు ఇలాంటివాడు. వాడు చిన్నగా ఉన్నప్పుడు ఒక పెద్ద డాక్టరు మా మరదలిని, "మీరు వీణ్ణి సరిగా ఎత్తుకుని ముద్దు చేసేవారా?" అని అడిగాడు. కవలల సంగతి అప్పటికే ప్రపంచానికి తెలుసు, ఆయనకు తెలియలేదు. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె ఎన్నేళ్లు కుంగిపోయిందో నేను దగ్గరుండి చూశాను. ఇంట్లో వేరే గోల. వీడి నుదురు అటువైపుది, మొండితనం అటువైపుది, వాళ్ల పెదనాన్న ఒకాయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదట. వీళ్లు వాళ్లనీ, వాళ్లు వీళ్లనీ. బిడ్డ ముఖంలో ఒక్కో భాగానికి ఒక్కో దోషిని వెతికారు.

ఒకరోజు ఆమెకు తోడుగా థెరపీకి వెళ్లాను. వరండా బల్ల మీద పక్కన కూర్చున్న ఒకామె మావాణ్ణి కాసేపు చూసి, "మీ బాబుకూ నుదురు వెడల్పేనండీ, మావాడికీ ఇంతే. మీవాడూ చేతులు ఇలా ఆడిస్తాడా?" అని అడిగింది. మా మరదలు గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది. వాడు ఫ్యాన్ కింద పడుకుని ఎంతసేపు చూస్తాడో, మిక్సీ శబ్దానికి ఎలా చెవులు మూసుకుంటాడో, చొక్కా వెనక లేబుల్ కత్తిరిస్తే గాని ఎందుకు తొడుక్కోడో చెప్పింది. అంతవరకు వాణ్ణి చూసినవాళ్లు జాలితో చూపు తిప్పుకునేవారు, లేదా తప్పు పట్టేవారు. ఒక మనిషి ఆసక్తిగా, భయం లేకుండా, వాడి ముఖంలోకి చూపు నిలిపి చూడటం అదే మొదటిసారి.

అదే వెడల్పు నుదురు. ఇంట్లో అది నేరం, ఆ బల్ల మీద అది చుట్టరికం. నీ కథకు గుండెకాయ ఇదే. నువ్వు దాన్ని వదిలేసి తల్లుల అజ్ఞానం గురించి రాశావు. ఎవరు పోలుస్తున్నారు, ఎక్కడ కూర్చుని పోలుస్తున్నారు, ఎవరి మీదకు నెట్టడానికి పోలుస్తున్నారు అన్నది చూడు. అత్తగారు తల ముట్టుకోవడం వేరు, పక్క కుర్చీలో తల్లి ముట్టుకోవడం వేరు. నీ కథలో ఇద్దరూ ముట్టుకున్నారు, ఒకే రకంగా రాశావు.

అలాగని ఆ తల్లులు చెప్పుకునేదంతా నిజమని కథలో ముద్ర వేయకు. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల గురించి ఒక పేపరు వచ్చింది. వాళ్లలో ఎనిమిది మందికి మీజిల్స్, మంప్స్, రూబెల్లా టీకా తరువాతే మార్పు కనిపించిందని తల్లిదండ్రులో వాళ్ల డాక్టరో అన్నారు. టీకా వేసే వయసూ, మాటలు పోయే వయసూ దాదాపు ఒకటే. ఆ పేపరును పత్రిక 2010లో పూర్తిగా వెనక్కి తీసుకుంది. లక్షల మంది పిల్లల మీద జరిగిన పరిశీలనల్లో టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. ఈలోపు ఎంతమంది టీకాలు మానేశారో, ఎన్నిచోట్ల మీజిల్స్ మళ్లీ లేచిందో చూశాం. తల్లి తన బిడ్డలో చూసిన మార్పు నిజం. దానికి కారణం ఇదేనని ఇంకొకరు రాసిచ్చింది అబద్ధం. నీ కథలో ఒకామె "టీకా తరువాతే అయింది" అంటుంది. అననీ. ఆమె ఏ రోజు గుర్తుచేసుకుంటోందో కూడా రాయి. కాని తరువాతి పేజీలో కథ చెప్పే గొంతు కూడా తలూపుతోంది. ఆ తలూపడం తీసెయ్.

ముఖం చూసి తెలిసేవి అసలు లేవా అంటే, ఉన్నాయి. పొడవాటి ముఖం, పెద్ద చెవులు, వయసు వచ్చేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపించేవి, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు స్థితిలో ఉంటాయి. కానర్ రాసిన ఆ 1943లోనే బ్రిటన్‌లో మార్టిన్, బెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ఒక కుటుంబం గురించి రాశారు. దాని జన్యువు 1991లో దొరికింది, రక్తపరీక్షతో తెలుస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది నూటికి కొద్దిమందికే. మిగతావాళ్లలో చాలామందిని ఫొటో చూసి ఎవరూ గుర్తుపట్టలేరు. మీ ఇద్దరి పిల్లల చెవులూ ఒకేలా ఉన్నాయని ఒక తల్లి అంటే, ఒక్కోసారి ఆ మాట పరీక్ష దాకా తీసుకెళ్తుంది, చాలాసార్లు ఎక్కడికీ తీసుకెళ్లదు. రెండూ రాయదగినవే.

అందం సంగతి. "దేవుడు చెక్కిన బొమ్మలాంటి ముఖం" అని నువ్వు రాశావు. ఈ పిల్లలందరూ భలే అందంగా ఉంటారండీ అని ఆ బల్లల మీద తరచు వినిపిస్తుంది, పాత వైద్యులు కూడా కొందరు అలాగే రాశారు. తల్లి నోట ఆ మాట వస్తే బాగుంటుంది, ఆమెకు ఆ హక్కు ఉంది. కథ చెప్పేవాళ్లు అంటే పిల్లవాణ్ణి గోడకు తగిలించినట్టే. వాడికి కథలో పనేమీ మిగలదు.

పని అంటే గుర్తొచ్చింది. తల్లులు తల కొలవడానికి తెచ్చిన టేపును నీ కథలో పిల్లవాడు లాక్కుని, నేల మీద పలకల అంచు వెంట పరిచి, ఒక్కో పలక దగ్గర ఆగి, వంగి అంకె చూస్తాడు. ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయావు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఈ కథ నీకు ఎవరూ చెప్పి రాయించలేదని, నువ్వు చూశావని అక్కడ నమ్మాను. అందరూ వాణ్ణి కొలుస్తుంటే వాడికి కొలవాలనిపించింది వేరే ఉంది. అక్కడ ఒక పేజీ ఉండు. వాడికేం కావాలో కనిపెట్టు. ఎన్నో పలక దగ్గర చిరాకుపడ్డాడు, టేపు చాలకపోతే ఏం చేశాడు, ఎవరైనా తొక్కితే ఏమయింది. నేను కొత్తవాళ్లందరికీ విసుగు లేకుండా చెప్పే మాట ఇదొక్కటే: మాట్లాడని పాత్రకు కూడా కోరిక ఉండాలి, ఆ కోరిక చుట్టూ ఉన్నవాళ్ల దుఃఖంతో సంబంధం లేనిదై ఉండాలి. అది లేకపోతే ఆ పిల్లవాడు పెద్దవాళ్ల ఏడుపుకు సాకుగా మిగులుతాడు.

కథను పోటీకి పంపమంటారా అని అడిగావు. మా మరదలి కథ నేను రాసినప్పుడు ఒక వారపత్రిక సంపాదకుడు, "చివర్లో బాబు 'అమ్మా' అని పిలిస్తే కథ నిలబడుతుంది, కొసమెరుపు ఉంటుంది" అని తిప్పి పంపాడు. ఇంకొకాయన ప్రత్యేక సంచికకు వేసుకుంటానన్నాడు గాని, ఆటిజం లక్షణాలూ జాగ్రత్తలూ చెప్పే డాక్టరు పాత్రను పెట్టమన్నాడు, పాఠకులకు అవగాహన కలగాలట. ఇద్దరికీ ఒప్పుకోలేదు. ఆ కథ ఏళ్లపాటు పెట్టెలో ఉండి, పారితోషికం ఇవ్వలేని ఒక చిన్న పత్రికలో వచ్చింది. కొసమెరుపు మోజు మన కథను చాలా పాడుచేసిందని నా నమ్మకం. మావాడు ఇప్పుడు నలభై దాటిన మనిషి. ఇంతవరకు అమ్మా అనలేదు. ఏదైనా కావాలంటే తల్లి మణికట్టు పట్టుకుని అక్కడికి తీసుకెళ్తాడు. వాళ్లిద్దరి మధ్య లోటేమీ నాకు కనిపించదు. ఆ పిలుపు కోసం కథను వంచితే వాడి జీవితం మొత్తం తక్కువ పడినట్టు చెప్పడం అవుతుంది. నీ కథ చివరి పేరాలో పిల్లవాడు 'అమ్మా' అన్నాడు. నీ అంతట నువ్వే రాశావో, ఎవరైనా చెప్పారో నాకు తెలియదు. కొట్టెయ్.

డాక్టరు ఉపన్యాసం కూడా తీసెయ్. అందులో తప్పు కూడా ఉంది. ఆటిజం పిల్లలందరికీ తల పెద్దదిగా ఉంటుందని ఆయనతో అనిపించావు. అలా ఉండేది నూటికి పదిహేను, ఇరవై మందికే, వాళ్లలో కూడా చాలామందికి తల్లిదో తండ్రిదో తల కూడా పెద్దదే. డాక్టరును ఉంచాలనే అనుకుంటే, ఆయన పిల్లవాడి తలతో పాటు తండ్రి తల కూడా టేపుతో కొలవనీ. నిజంగా అలా కొలుస్తారు. ఆ తండ్రి అప్పుడెలా కూర్చున్నాడో రాయి. కథ మొత్తంలో ఆయన నోరు విప్పలేదు.

మళ్లీ రాశాక పంపు. పక్కన కాస్త జాగా వదిలిపెట్టు, అక్కడే రాసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్