శబ్దం తీసేసిన విమానం గురించి రాస్తున్న నీకు

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం రాత్రిపూట నిఘాకి వాడిన, చప్పుడు చెయ్యని వైఓ-3ఏ విమానం గురించీ, దాన్ని నడిపిన పెద్దాయన గురించీ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోనులోనే. రెండోసారి ప్రింటు తీయించి, పెన్సిల్ దగ్గర పెట్టుకుని. మంచి విషయం పట్టుకున్నావు. దీని మీద తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకే "బాగుందమ్మా" అని ఒక్క ముక్క రాసి ఊరుకోలేకపోతున్నాను.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "ఆకాశాన్ని చీల్చుకుంటూ, గర్జిస్తూ వచ్చిందా విమానం" అని మొదలుపెట్టావు. అమ్మా, ఆ విమానం గర్జించదు. గర్జించకుండా ఉండడం కోసమే దాన్ని తయారుచేశారు. యుద్ధం అనగానే మన చేతికి ముందుగా అందే మాటలు ఇవే: గర్జన, పిడుగు, నిప్పుల వాన. ఎక్కడెక్కడో చదివి, సినిమాల్లో విని మనలో పేరుకుపోయిన మాటలు. అవి వాటంతట అవే వచ్చేస్తున్నాయంటే కలం ఆపు. నా ఎదురుగా ఉన్నది నిజంగా ఇలాగే ఉందా అని ఒకసారి చూసుకో.

రెండో పేజీలో అంకెలన్నీ వరసగా పేర్చావు. కాంటినెంటల్ ఇంజన్, 210 హార్స్‌పవర్, ఈ కొస నుంచి ఆ కొసకి రెక్కలు 57 అడుగులు. తప్పులేమీ లేవు. కానీ అవి చదివిన మనిషికి ఆ విమానం ఎందుకు వినపడదో మాత్రం తెలియదు. అది చెప్పు. చిన్న విమానం మోతలో పెద్ద వాటా ముందు తిరిగే పంకా, అంటే ప్రొపెల్లర్‌దే. దాని రెక్కల కొసలు గాలిని ఎంత వేగంగా కోస్తే అంత మోత. మామూలు చిన్న విమానాల్లో అది నిమిషానికి రెండు వేల చుట్లు దాటి తిరుగుతుంది. వైఓ-3ఏలో 800 చుట్లకు అటూ ఇటూగా తిరిగేది. అందుకోసం ఇంజన్‌కీ ప్రొపెల్లర్‌కీ మధ్య బెల్టులు వేశారు. పిండిమరలో చిన్న చక్రం నుంచి పెద్ద చక్రానికి బెల్టు వేస్తే పెద్దది నిదానంగా తిరుగుతుంది కదా, అదే పద్ధతి. నిదానంగా తిరిగినా గాలిని గట్టిగా తొయ్యాలి కాబట్టి ప్రొపెల్లర్‌కి వెడల్పాటి చెక్క రెక్కలు పెట్టారు. మొదట్లో ఆరు, తర్వాత మూడు. ఇంజన్ పొగ ఒక్కసారిగా బయటపడకుండా, విమానం పక్క నుంచి వెనక్కి పొడుగ్గా సైలెన్సర్ లాగారు. ఇక ఒళ్లు గ్లైడర్‌ది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో ష్వైజర్ కంపెనీ చేసిన 2-32 రకం. ఇంజన్ లేకుండానే గాలిలో తేలగలదు కాబట్టి దానికి కాస్త తోపు చాలు.

ఇదంతా ఆలోచించి కలిపింది ఎక్కడో తెలుసా? లాక్‌హీడ్ అనే విమానాల కంపెనీకి కాలిఫోర్నియాలో ఉన్న సన్నీవేల్ కేంద్రంలో. నువ్వు రోజూ ఆఫీసుకి వెళ్లే ఊరు. నీ వ్యాసంలో ఆ ముక్క ఎక్కడా లేదు! మన తెలుగు పిల్లలు వేలమంది ఆ ఊళ్లో ఉన్నారు. తాము కారు పార్కు చేసే వీధులకి ఇలాంటి గతం ఉందని తెలిస్తే వాళ్లు చదవకుండా ఎలా ఉంటారు?

చరిత్రని మాత్రం కుదించు. 1968 జనవరిలో దీనికి ముందు తయారైన క్యూటీ-2 అనే రకం విమానాలు రెండింటిని దక్షిణ వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోని సోక్ ట్రాంగ్‌కి తీసుకెళ్లారు. ఆ నెలాఖరునే టెట్ దాడి, అంటే దక్షిణ వియత్నాం ఊళ్ల మీద కమ్యూనిస్టు సేనల పెద్ద దాడి, మొదలైంది. అక్కడ వాటి పని చూశాక వైఓ-3ఏకి ఆర్డరు ఇచ్చారు. మొత్తం 11 తయారైతే 9 వియత్నాం వెళ్లాయి, 1970, 71 సంవత్సరాల్లో. రాత్రిపూటే ఎగిరాయి. శత్రువు కాల్పులకి ఒక్కటి కూడా కూలలేదు. ఈ నాలుగు లైన్లు చాలు. నువ్వు దీనికి రెండు పేజీలు ఖర్చుపెట్టావు, ఆ జాగా ఆ పెద్దాయనకి ఇవ్వు.

ఎందుకంటే ఆయన నీకు చెప్పిన ఒక సంగతిని నాలుగో పేజీలో ఒక్క లైన్లో తేల్చేశావు. డ్యూటీకి బయల్దేరే ముందు, చీకట్లో సొంత రన్‌వే మీదుగానే ఒకసారి ఎగిరేవాళ్లమని అన్నాడు కదా. కింద మెకానిక్‌లు నిలబడి చెవులు రిక్కించి వినేవాళ్లు. ఎక్కడో ఒక రేకు వదులై గడగడలాడినా, ఒక మూత సందులోంచి గాలి ఈల వేసినా రేడియోలో చెప్పేవాళ్లు. దిగి, అక్కడ టేపు అంటించుకుని మళ్లీ పైకి వెళ్లేవాళ్లు. అమ్మాయీ, నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇక్కడ. చీకట్లో తల పైకెత్తి నిలబడ్డ ఆ మెకానిక్ దగ్గర. పైన ఇద్దరి ప్రాణాలు అతని చెవి మీద ఆధారపడి ఉన్నాయి. విమానం తన నెత్తి మీదుగా వెళ్లిందని అతనికి ఎలా తెలిసేది? నక్షత్రాలకి అడ్డొచ్చిన నీడ వల్లా? ఏం వింటే "సరే, వెళ్లొచ్చు" అనేవాడు? ఇవన్నీ అడిగి తెలుసుకో. ఊహించి రాయకు.

అడగడం గురించి నా అనుభవం ఒకటి చెప్తాను. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం అనే ఊరుంది, విని ఉంటావు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి ఇంటింటికీ సైన్యంలో మనిషి ఉన్న ఊరు. నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో అక్కడికి వెళ్లి, సైన్యంలో వైర్‌లెస్ పని చేసి రిటైరైన ఒకాయనతో మధ్యాహ్నం అంతా కూర్చున్నాను. ఆయన ఒక మాట అన్నాడు: "కాల్పులు వినపడుతుంటే భయం లేదండి. సెట్టులో ఏమీ వినపడకపోతేనే టెన్షన్." నేను తలూపి, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. ఆ ప్రశ్న తుపాకుల గురించి. వ్యాసం అచ్చయ్యాక పత్రిక తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన ఓపిగ్గా చివరిదాకా చదివి, మడిచి నా చేతికిచ్చి, "ఇందులో నేను లేనండి" అన్నాడు. కోపంగా కూడా కాదు. ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉండిపోయి, పొద్దున్నే మళ్లీ వాళ్ల అరుగు మీద కూర్చున్నాను. సెట్టు మూగబోయిన ఆ పదిహేను నిమిషాల గురించి చెప్పడానికి ఆయనకి రెండు గంటలు పట్టింది. మధ్యలో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నేర్చుకున్నాను.

నీ పెద్దాయన దగ్గర కూడా అలాంటి ఖాళీలు వస్తాయి. వాటిని ప్రశ్నలతో నింపకు. ఈ పని చాలాకాలం రహస్యంగా ఉంచిన పని. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేని రోజులున్న మనిషి. ఏళ్లు కూడా కొంచెం తారుమారు కావచ్చు. ఆయన ఎదురుగా సరిదిద్దకు, ఇంటికొచ్చాక కాగితాల్లో సరిచూసుకో.

ఇప్పుడు కష్టమైన విషయం. వైఓ-3ఏకి ఆయుధం లేదు. ముందు సీట్లో అబ్జర్వర్, వెనక సీట్లో పైలట్. నక్షత్రాల వెలుగుని పెంచి చూపించే పెరిస్కోపులోంచి అబ్జర్వర్ కిందకి చూసేవాడు. కాలవలో కదిలే పడవ, చెట్ల కింద నడిచే మనుషులు. రేడియోలో చెప్పేవాళ్లు. ఆ తర్వాత ఫిరంగులో హెలికాప్టర్లో వాళ్ల పని చేసేవి. నువ్వు "కింద ఉన్నవాళ్లు కనుమరుగైపోయారు" అని రాశావు. ఆ మాట కొట్టేశాను. వాళ్లు చనిపోయారు. ఆ మాటే రాయి. నేను కాలవ గట్టున పెరిగినవాణ్ణి. రాత్రిపూట పడవలో వెళ్లే మనిషికి తెడ్డు చప్పుడు, కప్పల అరుపులు తప్ప ఏమీ వినపడవు. ఆ రాత్రుల్లో వాళ్లకీ అంతే వినపడి ఉంటుంది. అది చదివేవాడికి తెలియాలి. పెద్దాయన్ని బోనులో నిలబెట్టమని కాదు నేననేది. తుపాకీ పేల్చలేదు కాబట్టి సంబంధం లేదని ఆయన తరఫున నువ్వు తీర్పు చెప్పొద్దంటున్నాను. ఆయనేమనుకుంటున్నాడో ఆయన్నే చెప్పనీ.

ఇంకో పని కూడా చెయ్యి. మీ పక్క ఊరు శాన్‌హోసే. వియత్నాం బయట వియత్నామీలు చాలా ఎక్కువగా ఉన్న నగరాల్లో అదొకటి. అక్కడి పెద్దవాళ్లలో ఎక్కువమంది అమెరికాతో ఉన్న దక్షిణం వైపువాళ్లే. అయినా ఆ కాలవల మీద రాత్రి ఎలా ఉండేదో వాళ్లకి తెలుసు. ఒక్కరైనా నీతో మాట్లాడితే నీ వ్యాసానికి కింది వైపు కూడా వస్తుంది. ఇప్పుడు మొత్తం పైనుంచే ఉంది.

యుద్ధం తర్వాత ఆ విమానాలు ఏమయ్యాయో నువ్వు రాయనే లేదు. లూసియానాలో వన్యప్రాణుల శాఖ, రాత్రి దొంగచాటుగా వేటాడేవాళ్లని పట్టుకోడానికి వాడింది. ఎఫ్‌బీఐ ఒకటి వాడింది. నాకు బాగా నచ్చింది మాత్రం నాసా సంగతి. మీ సన్నీవేల్‌ని ఆనుకునే ఉన్న మోఫెట్ ఫీల్డ్‌లోని ఏమ్స్ కేంద్రం ఒక వైఓ-3ఏ తీసుకుని, రెక్కల చివర్లా తోక మీదా మైకులు బిగించి, హెలికాప్టర్లకి ముందు ఎగిరిస్తూ వాటి మోతని రికార్డు చేసింది. తన చప్పుడు అడ్డురాదు కాబట్టి పక్కవాళ్ల చప్పుడు వినగలిగింది. ఎన్నో ఏళ్లు ఆ పని చేసింది.

వచ్చే ఆదివారం పెద్దాయన దగ్గరికి వెళ్తానన్నావు. వెనక సీట్లో కూర్చున్న ఆయనకి, ముందు సీట్లో పెరిస్కోపుకి కళ్లు ఆనించిన మనిషి వీపే కదా కనపడేది. ఆ మనిషికి ఏదో కనపడిందని, మాట వినకముందే తనకి తెలిసేదా అని అడుగు. జవాబు ఎంతసేపటికి వచ్చినా కూర్చో. తర్వాత రాసింది నాకు పంపు. ప్రింటు నేనే తీయించుకుంటాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు