పునర్బలనమా? మరగడమా?

ప్రశ్న: సైకాలజీ పుస్తకంలో రీఇన్‌ఫోర్స్‌మెంట్‌కి పునర్బలనం అని ఉంది. "చరశీల నిష్పత్తి పునర్బలనం" అనాలంటే నోరు తిరగట్లేదు సార్, దీనికి మంచి తెలుగు లేదా? ఋణాత్మక పునర్బలనం అంటే శిక్షేనా?

జవాబు: పునః, బలనం కలిపిన సంధితో పేచీ లేదు, హిందీ పుస్తకాల్లోనూ ఇదే మాట. నాకు నచ్చనిది ఆ పునః. ఇంగ్లీషు మాట ముందు రీ ఉంది కదా అని మనమూ ఒకటి అతికించేశాం, దాంతో పోయిన బలం తిరిగి ఇచ్చినట్టు వినబడుతుంది. జరిగేది అది కాదే! ఏదో చేస్తాం, ఫలితం దక్కుతుంది, మళ్లీ చేయబుద్ధవుతుంది. దీనికి మనకి "మరగడం" ఉంది, రుచి మరిగిన పిల్లి అంటామే, అదే. నిఘంటువుల్లో మరగుకి కాగడం, అలవాటుపడడం రెండర్థాలూ ఉన్నాయి, రెండిటికీ సెగ తగులుతూనే ఉండాలి అనుకుంటే ఎంత బాగుందో చూడండి. తనంత తానైతే మరగడం, ఇంకొకరు అలవాటు చేస్తే మప్పడం. ఇంత చక్కని జంటని అటకెక్కించి "అడిక్ట్ అయ్యాడు", "ట్రైన్ చేశారు" అంటున్నాం, ఏం చెప్పాలి.

అసలు కిటుకు ఆ సెగ ఎప్పుడెప్పుడు తగులుతుందన్నదాంట్లో ఉంది. అమెరికా సైకాలజిస్టు స్కిన్నర్ దగ్గర ఓ శనివారం ఎలుకలకి పెట్టే తిండి గుళికలు అయిపోవచ్చాయి, సరే మీట నొక్కినప్పుడల్లా ఎందుకు, నిమిషానికొకటి ఇద్దాం అనుకున్నాడు, ఎలుకలు మానలేదు సరికదా నొక్కుతూనే ఉన్నాయి. 1957లో తోటి పరిశోధకుడు ఫెర్‌స్టర్‌తో కలిసి, ఫలితం ఎప్పుడెప్పుడు దక్కాలనే ఈ షెడ్యూళ్ల మీద పెద్ద పుస్తకమే వేశాడు. ఎన్నోసారికి దక్కుతుందో తెలియనిదే మీ చరశీల నిష్పత్తి. బొటనవేలితో స్క్రీన్ కిందికి లాగుతాం, నచ్చేదేమీ లేదు, మళ్లీ లాగుతాం, లేదు, ఏడోసారికి ఓ భలే వీడియో, ఇక ఆ వేలు ఊరుకోదు. ప్రతిసారీ దక్కేవాడు అది ఆగిపోగానే త్వరగా మానేస్తాడు, అప్పుడప్పుడు దక్కినవాడే పట్టుకు వేలాడతాడు. మరిగాడు అనాల్సింది వీణ్ని. పరీక్ష తేదీ దగ్గరపడ్డాకే పుస్తకం తీసేవాడికి సరిపోయేది స్థిర కాలవ్యవధి, అంటే ఫలితం ఫలానా గడువు గడిచాకే దక్కడం, వాణ్ని మరిగాడు అనలేం.

ఋణాత్మకం శిక్ష కాదండీ బాబూ, పేపర్లవాళ్లు కూడా ఇలాగే రాసి చంపుతున్నారు. సీటుబెల్టు పెట్టగానే కుయ్యిమనే మోత ఆగిపోతుంది కదా, ఆ పీడ పోవడం కోసం బెల్టు పెట్టుకోవడం అలవాటవుతుంది, అదీ సంగతి. శిక్ష పడితే మనం ఆ పని చేయడం తగ్గుతుంది, దీనివల్ల పెరుగుతుంది.

మరి ఏది వాడాలి అంటే, మాటల్లో మరగడం, మప్పడం హాయిగా వాడండి. పరీక్షలో మాత్రం పునర్బలనమే రాయండి, దిద్దేవాళ్లు నా జవాబు చదివి ఉండరు.