జేబులో మడత చాకు ఉంటే కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను హనుమకొండలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పని చేస్తాను. కేబుల్ పైతొడుగు ఒలవడానికి, అట్టపెట్టెలు కోయడానికి జేబులో ఒక మడత చాకు ఉంచుకుంటాను. బ్లేడు 8 సెంటీమీటర్లు. తెరిచాక లాక్ పడుతుంది. పోయిన వారం రాత్రి వాహనాల తనిఖీలో పోలీసులు ఆపి, ఇది ఎందుకని అడిగారు. కంగారులో ‘సేఫ్టీ కోసం సార్’ అన్నాను. ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు పెడతామని గంటసేపు కూర్చోబెట్టారు. తర్వాత చాకు తీసుకుని పంపించేశారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇలాంటి చాకు ఉంచుకోవడం నేరమా? వచ్చే నెల ట్రైనింగ్‌కి ఢిల్లీ వెళ్లాలి. సెప్టెంబరులో మా తమ్ముడు చదువుకని ఇంగ్లండ్ వెళ్తున్నాడు. వాడికీ ఇలాంటిదే ఒకటి కొన్నాను. ఇవ్వొచ్చా?

జవాబు: మీరు చెప్పిన కొలతల చాకును పని కోసం దగ్గర ఉంచుకోవడం మామూలుగా నేరం కాదు. లైసెన్సు తీసుకోవాల్సిన వస్తువూ కాదు. ఆ రాత్రి మిమ్మల్ని ఇబ్బందిలో పడేసింది చాకు కన్నా మీ నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటే.

ఆర్మ్స్ యాక్ట్ 1959 నాటిది. ‘ఆయుధం’ అంటే ఏమిటో సెక్షన్ 2లో ఉంది. దాడికి గానీ రక్షణకు గానీ ఆయుధంగా వాడేలా తయారుచేసిన వస్తువు, లేదా అలా వాడేలా మార్చుకున్న వస్తువు ఆయుధం కిందికి వస్తుంది. పదునున్న మారణాయుధాలు ఇందులో ఉన్నాయి. కేవలం ఇంటి పనికో, వ్యవసాయానికో చేసినవి రావు. అందుకే ఇంట్లో కత్తిపీటకు, పొలంలో కొడవలికి ఎవరూ లైసెన్సు అడగరు. ఈ నిర్వచనంలో ‘రక్షణకు’ అన్న మాట కూడా ఉందని గమనించండి. చాలామంది ‘దాడి చేయడానికైతే తప్పు గానీ, నా రక్షణ కోసం పెట్టుకుంటే తప్పేముంది’ అనుకుంటారు. చట్టం ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. కేబుల్ కోయడానికి ఉంచుకున్న పనిముట్టును మీరే ఆయుధమని ఒప్పుకున్నట్టయింది. మీ మీద కోపంతో చెప్పడం లేదు. భయంలో ఎవరి నోటైనా అదే మాట వస్తుంది. కానీ నిజం మీ వైపే ఉంది కదా, దాన్నే చెప్పాల్సింది: ‘సార్, నేను నెట్ టెక్నీషియన్‌ని, కేబుల్ పనికి’ అని. సంచిలో క్రింపింగ్ టూలు, కనెక్టర్లు, ఐడీ కార్డు చూపిస్తే చాలావరకు అక్కడితో అయిపోయేది.

ఇక కొలతలు. 2016 ఆయుధాల నియమావళి షెడ్యూలు ఒకటిలో ఐదో కేటగిరీ ఉంది. కత్తులు, బాకులు, బల్లేలు లాంటి తుపాకులు కాని ఆయుధాలు అందులోకి వస్తాయి. చాకుల విషయంలో బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్నవే ఆ జాబితాలో చేరతాయి. అవి కూడా ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక పనులకు చేసినవి కాకపోతేనే. మీ బ్లేడు మూడంగుళాల పైన కాస్త. ఆ గీతకు చాలా దూరంలో ఉంది.

తుపాకులు కాని ఆయుధాలకు మరో మెలిక ఉంది. ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 4 ప్రకారం ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధం లైసెన్సు లేకుండా ఉంచుకోకూడదని గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. దాన్ని మీరితే సెక్షన్ 25 కింద కేసు. శిక్ష చిన్నది కాదు, మామూలుగా కనీసం ఏడాది జైలు. అయితే ఆ నోటిఫికేషన్ ఉందని, మీ చాకు అందులో చెప్పిన రకమేనని చూపించాల్సింది కేసు పెట్టినవాళ్లే. ‘కత్తి దొరికింది, ఆర్మ్స్ యాక్ట్’ అంటే కోర్టులో సరిపోదు. నా దగ్గరికి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ కేసులో పంచనామాలో పిడితో కలిపి పొడవు రాశారు. ఉత్త బ్లేడు కొలిస్తే అందులో సగం కూడా లేదు. అందుకే ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: కొలిచింది ఎక్కణ్నించి ఎక్కడికి?

ఢిల్లీ సంగతి వేరు. అక్కడ 1980 అక్టోబరులో వచ్చిన నోటిఫికేషన్ ఒకటుంది. స్ప్రింగుతో, బటన్‌తో, మరే యాంత్రిక ఏర్పాటుతోనైనా తెరుచుకునే లేదా మూసుకునే చాకులు, బ్లేడు 7.62 సెంటీమీటర్లకు తగ్గకుండా, వెడల్పు 1.72 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉంటే, దాని కిందికి వస్తాయి. 7.62 అంటే సరిగ్గా మూడంగుళాలు. మీది 8. వేలితో తెరిచే చాకే కదా అని మీరంటారు, లాక్ యాంత్రిక ఏర్పాటే కదా అని వాళ్లంటారు. 2025లో సుప్రీంకోర్టు ఒక బటన్ చాకు కేసును కొట్టేసింది. అమ్మడానికో, పరీక్షించడానికో దగ్గర ఉంచుకున్నాడని ఛార్జిషీటులో ఎక్కడా లేదు, నోటిఫికేషన్ చెప్పేది అలాంటి ఉంచుకోవడం గురించేనన్నది కారణం. మంచి తీర్పు. కానీ ఆ తీర్పు వచ్చేదాకా ఆ మనిషి పైకోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ట్రైనింగ్‌కి వెళ్లే మీకు ఆ గొడవ ఎందుకు? చాకు ఇంట్లో పెట్టి వెళ్లండి. విమానంలో వెళ్తే క్యాబిన్ బ్యాగులో చాకును ఎలాగూ రానివ్వరు.

మన ఊళ్లలోనూ కొన్ని రోజులు, కొన్ని చోట్లు ఉన్నాయి. ఎన్నికలు, ఊరేగింపులు, గొడవలు జరిగినప్పుడు భారతీయ నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 163 కింద నిషేధాజ్ఞలు వస్తాయి. దాన్నే మనం నిన్నటిదాకా 144 అనేవాళ్లం. హైదరాబాద్‌లో నిజాం కాలపు సిటీ పోలీసు చట్టం (1348 ఫసలీ) కింద కమిషనర్ ఆదేశాలు ఇస్తుంటారు. వాటిలో కత్తులు, కర్రలు పట్టుకు తిరగొద్దని రాసి ఉంటే మీ పని చాకుతో కూడా చిక్కే. పోలింగ్ కేంద్రం చుట్టుపక్కలకు ఆయుధంతో వెళ్లడం ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 134బి కింద విడిగా నేరం, రెండేళ్ల దాకా జైలు. ఓటు వేయడానికి వెళ్లేరోజు జేబులు ఒకసారి తడుముకోండి. చాకు పట్టుకుని ఫోటోలు, రీల్స్ పెట్టొద్దు. తల్వారుతో కేకు కోసి వీడియో పెట్టి కేసుల దాకా వెళ్లిన కుర్రాళ్లు ఉన్నారు.

‘మరి నిజంగానే ఎవరైనా మీద పడితే?’ అన్న ఆలోచన మీకు ఉండే ఉంటుంది, లేకపోతే ఆ మాట నోటికి రాదు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. హక్కు ఉంది. కానీ పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉన్నప్పుడు అది ఉండదు, అవసరానికి మించి గాయపరచకూడదు. తోపులాటలో చేత్తో కొడితే ఏడాది దాకా శిక్ష పడే మామూలు గాయం కేసు. అదే గాయం చాకుతో అయితే సెక్షన్ 118 కింద మూడేళ్ల దాకా, గాయం తీవ్రమైతే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఇలాంటి కేసుల్లో చాకు తీసినవాడే ముద్దాయిగా నిలబడటం నేను చూశాను. మీ దగ్గర అది పనిముట్టుగానే ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక వాళ్లు తీసుకున్న చాకు. కాగితం ఇవ్వకుండా తీసుకోవడం సరికాదు. స్వాధీనం చేసుకున్న వస్తువు గురించి నాగరిక్ సురక్ష సంహిత సెక్షన్ 106 ప్రకారం వెంటనే మెజిస్ట్రేటుకు తెలియజేయాలి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని అదే సంహిత సెక్షన్ 105 చెప్తుంది. ముందు ఆన్‌లైన్‌లోనో స్టేషన్‌లోనో మీ పేరు మీద ఎఫ్ఐఆర్ ఉందేమో చూడండి. లేకపోతే ఆ చాకు కోసం నేనైతే పోరాడను, కొత్తది కొనుక్కుంటే పోతుంది. కానీ తేదీ, సమయం, స్థలం, చాకు వివరాలు, మీ ఉద్యోగం రాసి ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జి) గారికి రిజిస్టర్డ్ పోస్టులో ఒక దరఖాస్తు పంపండి. నకలు, రసీదు దాచుకోండి. ఫలానా రోజు నుంచి ఆ చాకు మీ దగ్గర లేదని మీ చేతిలో ఒక రుజువు ఉండాలి. ఇది మాత్రం వాయిదా వేయకండి. చాకు తిరిగి కావాలనే పట్టుదల ఉంటే అదే సంహిత సెక్షన్ 503 కింద మెజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. ఒకవేళ కేసు నమోదైతే, ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో మామూలుగా ఆ సంహిత సెక్షన్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు వస్తుంది. అది వస్తే తప్పకుండా హాజరవ్వండి, ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు.

తమ్ముడి విషయంలో నా మాట స్పష్టం: ఆ చాకు ఇవ్వకండి. ఇంగ్లండ్‌లో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ యాక్ట్ సెక్షన్ 139 ప్రకారం, అంచు మూడంగుళాలు మించని మడత చాకును మాత్రమే కారణం చెప్పకుండా బయటికి తీసుకెళ్లొచ్చు. తెరిచాక లాక్ పడేదాన్ని అక్కడి కోర్టులు మడత చాకుగా ఒప్పుకోవు, బ్లేడు ఎంత చిన్నదైనా సరే. సరైన కారణం చూపలేకపోతే నాలుగేళ్ల దాకా జైలు. ‘సేఫ్టీ కోసం’ అన్నది అక్కడా సరైన కారణంగా నిలబడదు. బటన్ నొక్కితే తెరుచుకునే రకమైతే 2021 నుంచి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లవాడికి ఒక్క శిక్ష పడితే చదువు, వీసా రెండూ ప్రమాదంలో పడతాయి. ఇంటి నుంచి ఏదైనా పంపాలని ఉంటే వంటింట్లోకి కూరగాయల చాకు ఒకటి చెక్‌ఇన్ సూట్‌కేసులో పెట్టండి. అక్కడ దిగాక అది వంటింటి గడప దాటకూడదని వాడికి విమానం ఎక్కేముందే చెప్పండి.