శుభలేఖ అక్షరాలు బొమ్మగా మారితే ఎందుకు మసకబారతాయి?

ప్రశ్న: మా అన్నయ్య కూతురి పెళ్లి శుభలేఖను ఐదంగుళాల వెడల్పు, ఏడంగుళాల ఎత్తుతో డీటీపీ సెంటర్‌లో కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేయించాం. బంధువులకు ఫోనులో పంపడానికి వారిచ్చిన జేపెగ్ బొమ్మలో ఒత్తులు అలుక్కుపోయాయి. ఎస్వీజీ ఫైలు అడిగి తెచ్చుకుని ఇంట్లో ఇంక్‌స్కేప్ అనే అలాంటి మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, తెలుగు ఉండవలసిన చోట అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాయి. దీన్ని సరిగ్గా బొమ్మగా మార్చుకోవడం ఎలా? ఆ బొమ్మతోనే స్వాగత ఫ్లెక్సీ వేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు అక్షరాల సంగతి చూద్దాం. డీటీపీలో ఎక్కువగా వాడే అనూ వంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతముండే) పద్ధతివి కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను కూర్చి పెట్టుకుంటాయి. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేదు కాబట్టి అడుగున ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు పైకి తేలాయి. డీటీపీ సెంటర్ వారిని అక్షరాలన్నీ ఎంచుకుని ‘కన్వర్ట్ టు కర్వ్స్’ చేసి, ఆ తర్వాతే ఎస్వీజీగా ఇవ్వమనండి. అప్పుడు ప్రతి అక్షరమూ ఒక గీసిన ఆకారమవుతుంది, ఇక ఫాంటుతో పని ఉండదు. అయితే కర్వ్స్‌గా మారిన తర్వాత అక్షరదోషాన్ని టైపు చేసి దిద్దడం కుదరదు కనుక, పెద్దల పేర్లు, ముహూర్తం ముందే ఒకటికి రెండుసార్లు చదువుకోండి. మార్చని అసలు ఫైలును కూడా విడిగా దాచమని తప్పక చెప్పండి.

ఇక మసక విషయం. ఎస్వీజీ వంటి వెక్టర్ ఫైలులో గీతలు, వంపులు లెక్కలుగా ఉంటాయి కాబట్టి ఎంత పెద్దది చేసినా పదును తగ్గదు. బొమ్మగా మార్చిన క్షణంలో అవి ఇన్ని పిక్సెళ్లని (చిన్న రంగు చుక్కలని) ఖాయమైపోతాయి, ఆ తర్వాత పెంచినా పోయిన వివరం తిరిగి రాదు. ఇంక్‌స్కేప్ మామూలుగా చూపే 96 డీపీఐలో (అంటే అంగుళానికి 96 పిక్సెళ్లు) మీ శుభలేఖ 480 × 672 పిక్సెళ్లే అవుతుంది. అందులో 12 పాయింట్ల (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) అక్షరానికి దక్కే ఎత్తు 16 పిక్సెళ్లు. ‘లక్ష్మి’లో ష, మ ఒత్తులు రెండూ ఆ కాస్త చోటులోనే ఇమడాలి, ఇక అలుక్కుపోక ఏం చేస్తాయి? అంచు చుట్టూ గీసిన పావు పాయింటు గీత మందం అక్కడ పిక్సెల్‌లో మూడో వంతు మాత్రమే కాబట్టి, అది వెనకనున్న రంగులో కలిసి వెలిసిపోతుంది. 300 డీపీఐలో అదే శుభలేఖ 1500 × 2100 పిక్సెళ్లవుతుంది, అక్షరానికి 50 పిక్సెళ్ల ఎత్తు దొరుకుతుంది, ఆ సన్న గీతకూ దాదాపు ఒక పూర్తి పిక్సెల్ వస్తుంది. కాబట్టి ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘పేజీ’ని ఎంచుకుని డీపీఐ గడిలో 300 వేయండి.

ఫార్మాట్ పీఎన్‌జీ ఎంచుకోండి. జేపెగ్ సాధారణంగా రంగుల వివరాన్ని తగ్గించి దాస్తుంది. పసుపు మీద ఎర్రక్షరాలుండే మన శుభలేఖల్లో ఆ నష్టం అక్షరాల అంచుల దగ్గరే కనిపిస్తుంది. ఫోటోలకు జేపెగ్ చక్కగా సరిపోతుంది గానీ, అక్షరాలకు నేను దాన్ని సిఫారసు చేయను. ఇంత శ్రమపడి చేసిన బొమ్మను వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, అందువల్ల డాక్యుమెంటుగా జతచేసి పంపండి.

ఫ్లెక్సీకి మాత్రం ఈ బొమ్మ పనికిరాదు. పది అడుగుల వెడల్పుకు సాగదీస్తే 1500 పిక్సెళ్లు 120 అంగుళాల మీద పరుచుకుని, అంగుళానికి పన్నెండున్నర మాత్రమే మిగులుతాయి. దగ్గరికొచ్చి చదివేవారికి వధూవరుల పేర్లు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఫ్లెక్సీ ముద్రించేవారికి బొమ్మ కాకుండా, కర్వ్స్‌గా మార్చిన కోరెల్‌డ్రా ఫైలునో దాని నుంచి తీసిన పీడీఎఫ్‌నో ఇవ్వండి.