టెక్ సందేహాలు: ఒక్క బొమ్మకు గ్యాలరీ అంతా ఎందుకు?

పండుగల రోజులు దగ్గరపడుతున్నాయంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల్లో చాలా భాగం ఒకే ముచ్చట చుట్టూ తిరుగుతాయి. పిల్లలు గీసిన బొమ్మలను చిన్న చిన్న బిళ్లలుగా చేసి చెట్టుకో, కిటికీకో, గుమ్మానికో వేలాడదీయాలని తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ పనిలో ఫోనో, ప్రింటరో ఏదో ఒకటి మొరాయిస్తుంది. కత్తిరించడం, దారం కట్టడం మీకు తెలిసిన పనులే కాబట్టి వాటి జోలికి పోను. కాగితం మీది బొమ్మ ఫైలుగా మారి, తిరిగి వస్తువుగా చేతికి వచ్చేలోపు జరిగే సంగతులకే ఈసారి పరిమితమవుతాను.

ప్రశ్న: మా పాప క్రేయాన్లతో గీసిన ఇంటి బొమ్మను ఫోన్‌తో స్కాన్ చేస్తే పసుపు సూర్యుడు మాయమైపోయాడు, పెన్సిల్ గీతలు మాత్రం నల్లగా, మందంగా వచ్చాయి. కెమెరా పాడైందంటారా?

జవాబు: కెమెరాకు ఏమీ కాలేదు. మీరు వాడింది ‘డాక్యుమెంట్ స్కాన్’ పద్ధతి. అది రసీదుల కోసం, దరఖాస్తుల కోసం తయారైంది. కాగితం తెల్లగా, అక్షరం నల్లగా కనబడాలన్నదే దాని ధ్యేయం కనుక, తెలుపుకు దగ్గరగా ఉన్న ప్రతి రంగునూ మరకగానో నీడగానో లెక్కగట్టి తుడిచేస్తుంది. లేత పసుపు, లేత గులాబీ, తేలికగా రుద్దిన నీలం ముందుగా పోతాయి. క్రేయాన్ మైనం కాగితపు గరుకు మీద అక్కడక్కడా అంటుకుని, మధ్యలో తెల్లని చుక్కలు వదులుతుంది కదా, ఆ తీరు కూడా చదునైపోతుంది. పిల్లల చేతిపని అందమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. స్కాన్ చేశాక ఫిల్టర్లలో ‘ఒరిజినల్’ అన్నది ఎంచుకోండి, లేదా మామూలు కెమెరాతోనే ఫొటో తీయండి. ఫ్లాష్ వేస్తే మైనం మెరుస్తుంది కాబట్టి పక్కనుంచి పగటి వెలుతురు పడే చోట బొమ్మను ఉంచి, కొంచెం వెనక్కి జరిగి రెండింతల జూమ్‌తో తీస్తే అంచులు సాగినట్టు రావు. కాగితం కనబడగానే అడక్కుండా ఈ స్కాన్ పద్ధతిలోకి దూకే కెమెరా యాప్‌లను తయారుచేసినవారికి, ప్రపంచంలో కాగితం మీద బిల్లులు తప్ప మరేమీ ఉండవన్న నమ్మకం ఎలా కలిగిందో నాకు అంతుబట్టదు.

ఇంట్లో ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంటే దానికి మించింది లేదు. అదే సైజులో ముద్రించేందుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చాలు. గ్లిటర్ అంటించిన కాగితాన్ని నేరుగా అద్దం మీద పెట్టకండి. ఆ రేణువులు అద్దాన్ని గీస్తాయి, మైనం అంటుకుంటుంది. మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఒకటి వేయండి. దూది, గుండీలు అతికించిన బొమ్మలైతే పల్చటి స్కానర్లలో ఎత్తుగా ఉన్న భాగం మసకబారుతుంది కాబట్టి వాటిని కెమెరాకే వదిలేయండి.

ప్రశ్న: ఫొటో చిన్నగా ఉంది. ఏఐ సాధనంతో పెద్దది చేసి, మెరుగుపరచి ముద్రించవచ్చా?

జవాబు: మూడు అంగుళాల బిళ్లకు 300 డీపీఐ లెక్కన 900 పిక్సెళ్లు సరిపోతాయి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ తీసే ఫొటోలో పొడవు వైపు దాదాపు 4000 పిక్సెళ్లు ఉంటాయి. అవసరమే లేని చోట మెరుగుపరచడం దేనికి? పైగా ఈ సాధనాలు లేని వివరాలను ఊహించి గీస్తాయి. మీ బాబు ఏనుగుకు ఐదు కాళ్లు పెట్టి ఉంటే, వాటిలో ఒకటి తొండంగానో చెట్టుగానో మారి రావచ్చు. ఆ ఐదో కాలు ఉన్నందుకే కదా మీరు ఆ బొమ్మను దాచుకున్నది.

ప్రశ్న: వేడి చేస్తే కుంచించుకుపోయే ప్లాస్టిక్ షీటు కొన్నాం. ఆఫీసులోని లేజర్ ప్రింటర్‌లో దాని మీద ముద్రించవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఆ షీటు ముందుగానే సాగదీసి ఉంచిన పాలిస్టైరీన్. సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన పాత రూపానికి తిరిగి వచ్చేస్తుంది. లేజర్ ప్రింటర్‌లో టోనర్ అనే రంగు పొడిని కాగితానికి అతికించే రోలర్ దాదాపు 200 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. షీటు యంత్రం లోపలే ముడుచుకుపోయి, రోలర్‌కు చుట్టుకుని, మరమ్మతుకు పనికిరాని స్థితికి తెస్తుంది. ఇంక్‌జెట్ కోసం అని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి ఉన్న షీటును ఇంక్‌జెట్‌లోనే వాడండి. ముద్రించే ముందు ఎడిటర్‌లో బొమ్మను సుమారు సగం లేతగా చేయండి. వేడికి పొడవు, వెడల్పు రెండూ సగానికి తగ్గితే అదే ఇంకు నాలుగో వంతు స్థలంలోకి చేరుతుంది కనుక రంగులు బాగా ముదురుతాయి. దారం కోసం రంధ్రాన్ని షీటును వేడి చేయక ముందే చేయాలి, అది కూడా సగానికి తగ్గుతుందని గుర్తుంచుకుని పెద్దదిగా చేయాలి.

ప్రశ్న: బొమ్మను అప్‌లోడ్ చేస్తే అలంకరణ బిళ్లగా తయారుచేసి పంపే ఒక యాప్ దొరికింది. ఫొటోలన్నింటికీ, లొకేషన్‌కూ అనుమతి ఇమ్మంటోంది. పాప పేరు, పుట్టిన తేదీ కూడా అడిగింది. ఇవ్వవచ్చా? (దాదాపు ఇవే మాటలతో పలువురు రాశారు.)

జవాబు: ఇవ్వకండి. ఒక బొమ్మను ముద్రించడానికి ఆ ఒక్క బొమ్మే చాలు. ఎంపిక చేసిన ఫొటోలను మాత్రమే యాప్‌కు చూపించే ఏర్పాటు ప్రధాన మొబైల్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండింటిలోనూ ఉంది. ఒకదానిలో 2020లో, మరొకదానిలో 2023లో వచ్చింది. అది ఉండగా కూడా గ్యాలరీ అంతా అప్పగిస్తే తప్ప ముందుకు సాగనివ్వని యాప్‌ను చూసినప్పుడు, దాన్ని తయారుచేసినవారు అజాగ్రత్తపరులని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. కావాలనే అలా చేశారని అనుకుంటాను. పుట్టిన తేదీ అన్నది రేపు ఆ పిల్లే తన ఖాతాలకు గుర్తింపుగా చెప్పుకోవలసిన వివరం. బిళ్ల మీద వయసు అచ్చు వేయాలనుకుంటే బొమ్మ ఫైలులోనే ఆ అంకె రాసి పంపండి.

అనుమతుల విషయంలో పాఠకులు ఈమధ్య కొంత జాగ్రత్తపడుతున్నారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఎవరూ అడగకుండానే ఫైలు వెంట వెళ్లిపోయే సమాచారం. ఫోన్ తీసిన ప్రతి ఫొటోలో ‘ఎగ్జిఫ్’ అనే భాగం ఒకటి ఉంటుంది. 1995లో రూపొందిన ఈ పద్ధతి కింద ఫోన్ మోడల్, తేదీ, సమయం, కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. బొమ్మను మీరు ఫొటో తీసేది ఇంట్లోనే కదా. ఇక కాగితాన్ని ఒకసారి చూడండి: పై మూలలో వంకర అక్షరాలతో పిల్ల పేరు, దాని కింద తరగతి, సెక్షన్, కొన్నిటి మీద బడి ముద్ర. అంటే పేరు, వయసును పట్టించే తరగతి, రోజూ వెళ్లే చోటు, ఇల్లు ఉన్న చోటు అన్నీ ఒకే ఫైలులో కూర్చున్నాయి. వీటిలో ఒక్కటి అడిగినా అపరిచితులకు చెప్పనివారు, నాలుగూ కలిపి తామే పంపిస్తున్నారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫొటోను ఫొటోగా పంపినప్పుడు దాన్ని కుదించి, ఆ క్రమంలో ఈ వివరాలను తొలగిస్తాయి. కుదించిన ఫొటో ముద్రణలో బాగా రాదని, ‘డాక్యుమెంట్‌గా పంపండి’ అని ముద్రించేవారు అడుగుతారు. అలా పంపితే నాణ్యతతో పాటు అక్షాంశ రేఖాంశాలూ చెక్కుచెదరకుండా చేరతాయి. ఈమెయిల్‌కు జతచేసినా అంతే. ఆపైన ఆ ఫైలు అవతలివారి కంప్యూటర్‌లో ఎంతకాలం ఉంటుందో మీ చేతిలో లేదు.

పేరు కనబడకుండా ఫోన్‌లోని మార్కర్ బ్రష్‌తో నల్లగా రుద్ది పంపుతున్నామని కొందరు రాశారు. ఆ బ్రష్‌లలో చాలావాటి రంగు పూర్తిగా కప్పే రకం కాదు. వెలుగు, కాంట్రాస్ట్ పెంచితే కింది అక్షరాలు తేలివస్తాయి. కత్తిరించినా నిశ్చింతగా ఉండడానికి లేదు. కొన్ని ఫోన్లలోని స్క్రీన్‌షాట్ ఎడిటర్, కత్తిరించి పారేశామనుకున్న భాగాన్ని ఫైలు చివర అలాగే వదిలేస్తోందని, దాన్ని చాలావరకు తిరిగి రాబట్టవచ్చని 2023లో బయటపడింది. తర్వాత దాన్ని సరిదిద్దినా, అంతకుముందు పంపిన ఫైళ్లు పంపినట్టే ఉన్నాయి. వీటన్నిటికంటే తేలిక మార్గం, ఫొటో తీసే ముందే పేరు మీద ఒక తెల్ల కాగితపు ముక్క పెట్టడం. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్‌ను ఆపేయండి. ఇప్పటికే తీసినవాటిని పంచుకునేటప్పుడు లొకేషన్‌ను తొలగించే ఎంపిక ఉందేమో చూడండి, లేకపోతే బొమ్మను తెర మీద తెరిచి స్క్రీన్‌షాట్ తీసి దాన్నే పంపండి. చిన్న బిళ్లకు ఆ నాణ్యత సరిపోతుంది. పని అయ్యాక యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయడంతో ఆగకండి. ముందు యాప్ లోపల ఖాతాను తొలగించాలి. లేకపోతే సర్వర్‌లోని బొమ్మలు అక్కడే ఉంటాయి.

ప్రశ్న: పిల్లల బొటనవేలి ముద్రలకు కళ్లు, ముక్కు గీసి జంతువుల బొమ్మలు చేయించాం. వాటిని స్కాన్ చేసి బంధువులకు పంపితే ప్రమాదమేమైనా ఉందా?

జవాబు: వేలును పోస్టర్ రంగులో ముంచి అద్దిన ముద్రలో గీతలు సాధారణంగా అలుక్కుపోతాయి కనుక భయం అక్కర్లేదు. ఇంకు ప్యాడ్‌తో వేసినవైతే వేరు. వేలిముద్రలను పోల్చే వ్యవస్థలు ప్రామాణికంగా 500 డీపీఐతో పనిచేస్తాయి. మీరు 600 డీపీఐలో స్కాన్ చేసి పంపితే అంతకంటే మెరుగైన నకలునే పంపినట్టు. అతిశయోక్తి అనుకునేవారి కోసం ఒక సంగతి: అప్పటి జర్మనీ రక్షణ మంత్రి వేలిముద్రను పత్రికా సమావేశం వంటి చోట్ల తీసిన ఫొటోల నుంచే పునర్నిర్మించి, అక్కడి హ్యాకర్ల సంఘం సమావేశంలో 2014లో చూపించారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. అసలు కాగితాన్నే కత్తిరించి బిళ్లకు అతికించండి. బంధువులకు ఫొటో పంపాలంటే దూరం నుంచి తీసినది పంపండి.

ప్రశ్న: బిళ్ల వెనక క్యూఆర్ కోడ్ అచ్చు వేయించి, స్కాన్ చేస్తే బాబు గొంతు వినిపించేలా చేయాలనుకుంటున్నాం. ఉచితంగా కోడ్ చేసిచ్చే సైట్లు నమ్మదగినవేనా?

జవాబు: ఆ సైట్లలో చాలావరకు ఇచ్చేది ‘డైనమిక్’ కోడ్. అది మీ రికార్డింగ్ చిరునామాను తనలో దాచుకోదు. ముందు ఆ సైటుకు వెళ్లి, అక్కడి నుంచి మీ ఫైలుకు మళ్లుతుంది. ఉచిత గడువు ముగిసిన రోజున మీ బిళ్ల వెనక మిగిలేది నలుపు తెలుపు గళ్లు మాత్రమే. అంతకంటే ముఖ్యంగా, అలంకరించిన చెట్టును మీరు ఫొటో తీసి అందరితో పంచుకుంటారు. ఆ ఫొటోలో కోడ్ స్పష్టంగా ఉంటే చూసిన ఎవరైనా దాన్ని స్కాన్ చేసి పిల్లవాడి రికార్డింగ్ తెరవగలరు. గొంతు బదులు బాబు చెప్పిన ఒక మాటను నేరుగా కోడ్‌లోనే పెట్టండి. ‘స్టాటిక్’ టెక్స్ట్ కోడ్‌కు సర్వర్ అక్కర్లేదు, గడువూ ఉండదు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి వాక్యం చిన్నదిగా ఉంటే గళ్లు పెద్దవిగా, స్కాన్‌కు అనువుగా వస్తాయి. కోడ్‌లో కొంత చెరిగినా చదవగలిగే ఏర్పాటు ఉంది. అత్యధిక స్థాయిలో అది సుమారు 30 శాతం వరకు నష్టాన్ని తట్టుకుంటుంది. గ్లిటర్ చల్లే ఉద్దేశం ఉంటే ఆ స్థాయినే ఎంచుకోండి.

ప్రశ్న: మా ఆల్-ఇన్-వన్ ప్రింటర్‌లో రంగు ఇంకు అయిపోయింది. బొమ్మలు స్కాన్ చేద్దామంటే స్కానర్ కూడా పనిచేయనంటోంది, పైగా ఖాతా తెరవమంటోంది. ఇంకుకూ స్కానర్‌కూ సంబంధమేమిటి?

జవాబు: సాంకేతికంగా ఏ సంబంధమూ లేదు. స్కానర్ వెలుగుతో చూస్తుంది, దానికి ఇంకు చుక్క కూడా అక్కర్లేదు. తయారీదారు అలా రాసిపెట్టాడు, అంతే. ఏ స్కానరైనా ఏ ప్రోగ్రామ్‌తోనైనా మాట్లాడుకోవడానికి ‘ట్వెయిన్’ అనే ఉమ్మడి పద్ధతి 1992లోనే వచ్చింది. అప్పటి నుంచి స్కానర్లు వేగంగా, చవకగా మారాయి. వాటిని వాడనిచ్చే సాఫ్ట్‌వేర్ మాత్రం ఏటా ఒక కొత్త తలుపు బిగిస్తోంది. తీగ కలిపి పక్కనే పెట్టుకున్న యంత్రం లోపలి బొమ్మ బల్ల మీది కంప్యూటర్‌కు రావడానికి ఇంటర్నెట్ ఎందుకు, ఖాతా ఎందుకు, ఈమెయిల్ ధ్రువీకరణ ఎందుకు? కాగితాన్ని బిళ్ల ఆకారంలో కోసే కొన్ని కటింగ్ యంత్రాలలోనూ ఇదే రోగం: బ్లేడు ఇంట్లోనే ఉంటుంది, కోయవలసిన గీతను మాత్రం ముందు ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపి అనుమతి తెచ్చుకోవాలి. ఆ సర్వర్‌ను నడపడం దండగ అని సంస్థ అనుకున్న రోజున, డబ్బు పెట్టి కొన్న యంత్రం కదలదు. ప్రింటర్ అప్‌డేట్ల సంగతి సరేసరి. భద్రత పేరిట వచ్చి, నిన్నటిదాకా పనిచేసిన కాట్రిడ్జ్‌ను గుర్తించనని చెప్పే అప్‌డేట్‌ను భద్రత అనడానికి నాకు నోరు రాదు. ఇలాంటివాటి వల్ల జనం అప్‌డేట్లంటేనే విసిగి, నిజంగా అవసరమైన వాటినీ వాయిదా వేస్తున్నారు.

మీ మటుకు, తయారీదారు యాప్‌ను పక్కనపెట్టి ప్రింటర్‌ను యూఎస్‌బీ తీగతో కలపండి. కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సాధారణంగా ఉండే స్కానింగ్ ప్రోగ్రామ్‌ను తెరిచి, అందులోంచే స్కాన్ చేసి చూడండి. చాలా మోడళ్లలో ఖాతా అడిగేది యాప్ తప్ప యంత్రం కాదు. అప్పటికీ ఇంకు కావాలని మొండికేస్తే, పండుగ పని వరకు కిటికీ పక్కన పెట్టి ఫోన్ కెమెరాతో కానిచ్చేయండి. మళ్లీ కొనే రోజు వస్తే స్కానర్‌ను విడిగా కొనుక్కోండి.