ఒకటో లెవెల్ జట్టు మీదికి ఔల్‌బేర్‌ను వదిలేముందు

మీరు నడిపే ఆటలో నలుగురు ఒకటో లెవెల్ వీరులూ రెండు రౌండ్లలోనే నేలకూలారంటే తప్పు పాచికలది కాదండీ. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథా ఆట అయిదో ఎడిషన్‌లో (2014) ఔల్‌బేర్ (గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు ఉన్న మృగం) ఛాలెంజ్ రేటింగ్ 3, అంటే మూడో లెవెల్ వీరులు నలుగురికి తగిన ప్రత్యర్థి. ముక్కుతో సగటున 10, గోళ్లతో 14. రెండూ తగిలితే ఒకే వంతులో 24 ప్రాణ పాయింట్లు పోతాయి. మాంత్రికుడికి ఉన్నవే ఏడో ఎనిమిదో!

దాని 59 ప్రాణ పాయింట్లను మాత్రం తగ్గించకండి, భయమంతా నీరుగారిపోతుంది. (ప్లాస్టిక్ బొమ్మను చూసి పుట్టించిన ప్రాణికి ఇంత భయమేమిటని నవ్వకండి.) వంతుకు ఒక్క దాడే చేయించండి. అది ఎదురుపడకముందే చీల్చిన జింక కళేబరం, బెరడు మీద గోళ్ల గీతలు చూపించండి. చూపూ వాసనా చురుకైన జంతువు కనుక దాక్కోవడం కష్టం. మాంసం విసిరి పారిపోయే దారి ఉంచండి.